గైరాంగెర్‌లో ఓడ ఆగే ఒక్క పగలు: పెద్దవాళ్లతో ఏం చూడాలి, ఎంత దూరం నడవాలి?

మీరు అడిగింది ఇదీ: జూన్ రెండో వారంలో సౌతాంప్టన్ నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్. నార్వేలోని గైరాంగెర్ అనే చిన్న ఊళ్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5:30 దాకా ఓడ ఆగుతుంది. మీరిద్దరు, పదేళ్ల బాబు, ఇండియా నుంచి వస్తున్న అత్తయ్యగారు, మామయ్యగారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి. మీకేమో కొండ ఎక్కాలని ఉంది. ఓడవాళ్లు అమ్మే టూర్ కొనాలా, సొంతంగా తిరగొచ్చా?

సొంతంగా తిరగండి. కానీ ఐదుగురూ రోజంతా కలిసి తిరగాలన్న పట్టుదల మాత్రం వదిలేయండి. మీరు, బాబు జలపాతం వెనక్కి నడిచి రండి. పెద్దవాళ్లు బస్సులో రెండు వ్యూ పాయింట్లు చూసి వస్తారు. మధ్యాహ్నం ఊళ్లో కలుసుకుని, చివరి రెండు గంటలు ఓడకు దగ్గర్లోనే గడపండి. ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే దేనికీ సమయం చాలదు.

నేను పదకొండేళ్లుగా నార్వేలోనే, ఓలెసున్ అనే పట్టణంలో ఉంటున్నాను. గైరాంగెర్‌కు కారులో, మధ్యలో ఒక ఫెర్రీ దాటి, రెండు గంటలకు పైగా ప్రయాణం. బంధువులు, స్నేహితులు ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను కాబట్టి ఎండలోనూ వానలోనూ ఆ ఊరిని చూశాను. మా అమ్మానాన్నలను రెండుసార్లు తీసుకెళ్లాను. అందుకే మీ ప్రశ్న చదవగానే రాయాలనిపించింది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్తాను. ఓడ 8 గంటలకు ఆగుతుంది కదా అని 7:30కి లేవకండి. మీరు అంత దూరం నుంచి చూడడానికి వచ్చిన ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయ, చాలావరకు మీరు నిద్రలో ఉండగానే దాటిపోతుంది. గైరాంగెర్ ఫ్యోర్డ్ పొడవు 15 కిలోమీటర్లు. ఓడ అందులోకి తిరిగేసరికి, అంటే ఇంచుమించు ఆరు, ఆరున్నరకల్లా, అందరూ డెక్ మీద ఉండాలి. జూన్‌లో అక్కడ రాత్రి కూడా పూర్తిగా చీకటి పడదు, వెలుతురుకు లోటుండదు. లోపలికి వెళ్లేటప్పుడు ఎడమవైపు ఏడుగురు అక్కచెల్లెళ్లు అని పిలిచే జలపాతం వస్తుంది. ఒకే కొండ అంచు నుంచి ఏడు పాయలు పక్కపక్కనే దూకుతాయి, అన్నిటికంటే పొడవైనది ఇంచుమించు 250 మీటర్లు. పైన మంచు కరిగితేనే నీళ్లు కాబట్టి జూన్‌లో నిండుగా ఉంటాయి. ఆగస్టు చివర్లో వచ్చినవాళ్లు మూడో నాలుగో పాయలు చూసి వెళ్లిన సందర్భాలున్నాయి. దానికి ఎదురుగా, కుడివైపున, ఒంటరి జలపాతం ఒకటుంది. దాని పేరు ఫ్రియారెన్, అంటే పెళ్లి అడగడానికి వచ్చినవాడు. ఏడుగురూ కాదన్నారని తాగుడుకు దిగాడట. ఆ నీటి మధ్యలో సీసా ఆకారం కనిపిస్తుంది, బాబును వెతకమనండి. మా అమ్మకు ఈ కథ పట్టలేదు. ఏడుగురు అక్కచెల్లెళ్లు అన్న మాట వినగానే గ్రామదేవతలు గుర్తొచ్చి రెండు చేతులూ జోడించింది.

జలపాతాల కంటే నన్ను ఎక్కువగా ఆపేసేవి ఆ కొండ గోడల మీది పాత ఇళ్లు. కుడివైపు పైకి, 250 మీటర్ల ఎత్తున చూడండి. నిలువు రాతికి అతికించినట్టు చిన్న పచ్చిక, దాని మీద అగ్గిపెట్టెల్లా రెండు మూడు చెక్క ఇళ్లు. అది స్కాగెఫ్లో. 1916 దాకా అక్కడ మనుషులు కాపురం ఉన్నారు, మేకలు పెంచారు. పన్ను వసూలుకు అధికారి వస్తుంటే నిచ్చెన పైకి లాగేసేవారని చెప్పుకుంటారు. పిల్లలు లోయలో పడిపోకుండా నడుముకు తాడు కట్టేవారని కూడా అంటారు. ఏడుగురు అక్కచెల్లెళ్ల పక్కనే ఉన్న క్నివ్స్‌ఫ్లో వాళ్లయితే పైనున్న బండ విరిగి పడుతుందేమోనన్న భయంతో 1898లోనే ఖాళీ చేశారు. 1993లో రాజు హరాల్డ్, రాణి సోన్యా తమ పెళ్లి రజతోత్సవానికి అతిథులను ఈ స్కాగెఫ్లోకే తీసుకొచ్చారు. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా తెచ్చుకోండి, మామయ్యగారికి ఇవ్వండి. ఆ తలుపులు, ఆ పైకప్పు మీద మొలిచిన గడ్డి కనిపించాక ఆయన డెక్ మీద నుంచి కదలరు.

ఇక ఓడ దిగడం. ఊరి దగ్గర రేవు చిన్నది. సీవాక్ అనే తేలే నడక వంతెన ఒకటుంది, మీ ఓడకు అది దొరికితే నేరుగా నడిచి దిగిపోవచ్చు. లేదంటే ఓడ నీళ్ల మధ్యలో లంగరు వేస్తుంది, టెండర్ బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు. టెండర్ అయితే ముందురోజు రాత్రే ఓడలో ఇచ్చే కార్యక్రమం కాగితం చూసి, టోకెన్లు ఎప్పుడు ఎక్కడ ఇస్తారో కనుక్కోండి. ఓడవాళ్ల టూర్ కొన్నవాళ్లను ముందు దింపుతారు కాబట్టి మీకు ఓ గంట ఆలస్యం కావచ్చు. మీ ప్లాన్‌లో ఆ గంటను ముందే తీసేసుకోండి. అత్తయ్యగారు టెండర్‌లోకి దిగేటప్పుడు బోటు ఊగుతుంటుంది. సిబ్బంది ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుంటారు, కంగారు పడొద్దని చెప్పండి.

ఓడవాళ్ల టూర్‌కు నిజంగా ఉన్న లాభం ఒక్కటే: బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. ఓడ తప్పిపోతే తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. గైరాంగెర్‌కు రైలు లేదు, విమానాశ్రయం లేదు. ఇది తేలిగ్గా చెప్పడం లేదు. నేను ఇక్కడికి వచ్చిన రెండో వేసవిలో హైదరాబాద్ స్నేహితుడి కుటుంబం క్రూయిజ్‌లో వచ్చింది. నేను కారు తీసుకెళ్లాను. పొద్దున గద్ద మలుపు అనే వ్యూ పాయింట్, మధ్యాహ్నం డాల్స్‌నిబ్బా శిఖరం, రెండూ చూపించేద్దామనుకున్నాను. పైన అంతా మబ్బు, పది అడుగుల అవతల మనిషి కనపడలేదు. దిగేటప్పుడు ఒక మలుపులో మా ముందున్న పెద్ద కారవాన్‌కు ఎదురుగా టూరిస్టు బస్సు వచ్చింది. ఇద్దరూ వెనక్కి వెళ్లలేక ఇరవై నిమిషాలు అలాగే నిలిచిపోయాం. చివరి టెండర్ 4:30కి. మేం రేవు చేరింది 4:24కి. స్నేహితుడి వాళ్లమ్మగారు బోటులో కూర్చున్నాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఎవరొచ్చినా పైకి వెళ్లే పనులన్నీ మధ్యాహ్నం ఒంటిగంట, రెండు లోపే ముగించేస్తున్నాను. మీరూ అలాగే చేయండి, చివరి రెండు గంటలు వాహనం ఎక్కే పని పెట్టుకోకండి.

గడియారం సంగతి కూడా చూసుకోండి. నార్వే సమయం బ్రిటన్ కంటే ఒక గంట ముందు. ఓడలో గడియారం మారుస్తారు, ఫోన్ కొన్నిసార్లు మారుతుంది, కొన్నిసార్లు మారదు. దిగే ముందు మీ అందరి ఫోన్లూ ఓడ సమయంతో సరిపోయాయో లేదో చూడండి. సముద్రం మీద ఉన్నంతసేపు ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే ఓడ నెట్‌వర్క్‌కు తగులుకుని బిల్లు వాచిపోతుంది.

ఇప్పుడు మీ నడక. చాలామంది స్కాగెఫ్లో అడుగుతారు. ఊరి నుంచి హోమ్‌లాంగ్ అనే చోటు మీదుగా అయితే ఎక్కి దిగడానికి దాదాపు రోజంతా పోతుంది. పడవలో వెళ్లి కొండ కింద దిగి నిట్టనిలువుగా ఎక్కే దారి కూడా ఉంది గానీ, తడి రాళ్ల మీద, పక్కన లోయ పెట్టుకుని, పదేళ్ల పిల్లాడితో మొదటిసారి వద్దు. ఓడ టైముకు ముడిపడిన రోజున అసలే వద్దు.

మీకు సరిపోయేది స్టోర్‌సేతెర్‌ఫోసెన్. పేరు చూసి భయపడకండి: ఫోస్ అంటే జలపాతం, సేతెర్ అంటే వేసవిలో పశువులను తోలుకెళ్లి ఉంచే కొండ మీది మకాం. ఊరి నుంచి నడిచి వెళ్తే ఒకవైపే రెండు గంటలు ఎక్కాలి. కాబట్టి వెస్టెరోస్ అనే పొలం దాకా టాక్సీలో వెళ్లండి. అది 320 మీటర్ల ఎత్తున ఉంది. ఊళ్లో టాక్సీలు తక్కువ, ఓడ వచ్చిన రోజు ఒడ్డున దొరుకుతుందని నమ్ముకోకండి, వారాల ముందే మాట్లాడుకోండి. పొలం నుంచి జలపాతం దాకా పిల్లాడితో గంట వేసుకోండి. మొదట మేకలు మేసే పచ్చిక, తర్వాత బర్చ్ చెట్లు, ఆపైన రాళ్ల మెట్లు. దారి పొడవునా రాళ్ల మీద ఎర్ర రంగుతో T అక్షరం వేసి ఉంటుంది. ఇది నార్వే అంతటా ఉన్న గుర్తు, 1868 నుంచీ ఉన్న ఇక్కడి ట్రెక్కింగ్ సంఘం పెట్టింది. ఒక T దగ్గర నిలబడి తర్వాతి T వెతకడం బాబుకు అప్పగించండి. ఆయాసం అన్న మాటే రాదు.

ఆ జలపాతం 30 మీటర్లే. ఏడుగురు అక్కచెల్లెళ్ల ముందు అదెంత అనిపిస్తుంది. కానీ దాని వెనక్కి వెళ్లొచ్చు. రాతిలో గొలుసు బిగించి ఉంటుంది, దాన్ని పట్టుకుని కొద్దిగా దిగి, వంగి, బండ కిందికి చేరతారు. అక్కడ నిలబడితే మీ ముందు నీళ్లు తెరలాగా పడుతుంటాయి, ఆ తెరలోంచి లోయ అంతా వాన పడుతున్న కిటికీలోంచి చూసినట్టు వంకర్లు తిరిగి కనిపిస్తుంది. చల్లటి తుంపర కనురెప్పల మీద చేరుతుంది. కాళ్ల కింద రాయి అదురుతున్నట్టే ఉంటుంది. పక్కమనిషి మాట వినపడదు. మా అమ్మను తీసుకెళ్లినప్పుడు తనకు 58 ఏళ్లు. కాసేపు అలా చూస్తూ ఉండిపోయి, నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అరిచింది, "పిల్లాణ్ణి పట్టుకోరా!" అని. నా కొడుకు నీళ్లలో చెయ్యి పెట్టడానికి ముందుకు వంగుతున్నాడు. మీ బాబు చెయ్యి కూడా అక్కడ వదలకండి. రాయి నాచు పట్టి జారుతుంది, గొలుసు మంచులా ఉంటుంది, పల్చటి గ్లవ్స్ ఉంటే మంచిది. బాగా వాన పడుతుంటే వెనక్కి వెళ్లొద్దు, ఎదురుగా నిలబడి చూసి వచ్చేయండి.

దిగి వచ్చాక పొలం నుంచి ఊరికి నడిచే రావచ్చు, అంతా దిగుడే. దారిలో నార్వేజియన్ ఫ్యోర్డ్ సెంటర్ అనే మ్యూజియం వస్తుంది. అక్కడి నుంచి కింద నీళ్ల దాకా ఉరకలు వేసే ఏటి పక్కనే ఇనుప మెట్ల దారి వేశారు, మొత్తం 327 మెట్లు. మధ్యమధ్య నీటి మీదికి చాచిన వేదికలున్నాయి. మీకు ఇది బాగుంటుంది. అత్తయ్యగారిని మాత్రం పై నుంచి దింపకండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడం కష్టం. కింది నుంచి మొదటి వేదిక దాకా వచ్చి చూస్తే ఆవిడకు చాలు, అక్కడికే ఒళ్లంతా తుంపర తగులుతుంది.

పెద్దవాళ్లకు రేవు దగ్గర నుంచే బస్సులు ఉంటాయి. వెబ్‌సైట్‌లో ముందే టికెట్ తీసుకోండి. వాళ్లు రెండు చోట్లకు వెళ్తే చాలు. ఒకటి ఓర్నెస్వింగెన్, అంటే గద్ద మలుపు. ఊరికి ఉత్తరాన 11 మలుపులు తిరుగుతూ 620 మీటర్ల ఎత్తుకు చేరే రోడ్డు, 1955లో తెరిచారు. పైనున్న వేదిక మీద నిలబడితే పొద్దున మీరు దాటి వచ్చిన ఫ్యోర్డ్ మొత్తం కాళ్ల కింద ఉంటుంది, మీ ఓడ బొమ్మంత కనిపిస్తుంది. రెండోది ఫ్లూడాల్స్‌యూవె. ఇది ఊరికి దక్షిణాన 4 కిలోమీటర్లే. క్యాలెండర్లలో గైరాంగెర్ అని కనిపించే ఫొటో ఇక్కడిదే. రెండు చోట్లా బస్సు దిగగానే చూడొచ్చు, ఎక్కే పని లేదు. మీ మామయ్యగారు రోడ్లు, వంతెనల పని తెలిసినవారైతే ఈ దక్షిణం రోడ్డు గురించి చెప్పండి. యంత్రాలు లేని కాలంలో, 1880లలో కట్టింది. 1900 ప్యారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది.

డాల్స్‌నిబ్బా గురించి అందరూ ఊరిస్తారు. దాదాపు 1500 మీటర్ల ఎత్తు, పక్కన జూన్‌లోనూ మంచు గోడలు, గడ్డకట్టిన చెరువు. తెరిపి ఇచ్చిన రోజున నిజంగానే చూడాల్సిన చోటు. అయితే ముందుగా డబ్బు కట్టేసి మబ్బులోకి వెళ్లకండి. ఆ పొద్దున పైనున్న వెబ్‌క్యామ్ చూడండి, నార్వే వాతావరణ శాఖ నడిపే యర్ యాప్ చూడండి, అప్పుడు నిర్ణయించుకోండి. కింద 14 డిగ్రీలుంటే పైన 4, 5 ఉంటుంది. పెద్దవాళ్లకు ఈ చలి బస్సు దిగగానే గుండెలకు తగులుతుంది.

సమయం ఇలా సర్దుకోండి: తొమ్మిదికల్లా ఒడ్డు, తొమ్మిదిన్నరకు మీ టాక్సీ, పెద్దవాళ్ల బస్సు. పన్నెండుకు జలపాతం నుంచి తిరుగు ప్రయాణం. ఒకటిన్నర, రెండింటికి ఊళ్లో భోజనం. తర్వాత ఎనిమిది పలకల తెల్ల చెక్క చర్చి చూడండి, 1842లో కట్టింది, దాని ముందు బెంచీ మీద నుంచి ఫ్యోర్డ్ బాగా కనిపిస్తుంది. ఓపిక ఉంటే పాత పడవల షెడ్డులో ఉన్న చాక్లెట్ కొట్టుకు వెళ్లండి. నాలుగున్నరకు ఓడలో ఉండండి.

బట్టలు చాలామంది తప్పు చేసే చోటు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. లోపల పల్చటి ఉన్ని లేదా సింథటిక్, మధ్యలో ఫ్లీస్, పైన గాలి, వాన రెండూ ఆపే జాకెట్. కొండల మధ్య గాలికి గొడుగు నిలవదు. అత్తయ్యగారు చీరే కడతానంటే లోపల థర్మల్ లెగ్గింగ్స్, కాళ్లకు ఉన్ని సాక్సులు, పట్టు ఉన్న బూట్లు తప్పవు, చెప్పులతో టెండర్ ఎక్కనివ్వకండి. ఒక చేతికర్ర ఉంటే ఆవిడ రోజంతా హాయిగా ఉంటారు.

తిండి ఖరీదు. శాకాహారం దొరుకుతుంది గానీ రకాలు తక్కువ. బ్రూనోస్ట్ అనే గోధుమ రంగు చీజ్ పెట్టి ఇచ్చే మెత్తటి అట్టు, స్వేలె, పిల్లలకు నచ్చుతుంది. పాలకోవా రంగు, కాస్త అలాంటి తీపే. ఓడ నుంచి వండిన పదార్థాలు దించకండి. యూరోపియన్ ఆర్థిక ప్రాంతం (EEA) బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తేవడం నిషేధం, బ్రిటన్ కూడా ఆ బయటి దేశమే. సీలు తీయని వేరుసెనగ చిక్కీలు, బిస్కెట్లు జేబులో వేసుకోండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. నగదు అవసరమే లేదు, టాయిలెట్‌కు కూడా కార్డే. అత్యవసరమైతే అంబులెన్స్‌కు 113.

వీసా మాట మీరు అడగలేదు కానీ చెప్పాలి. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి అయిన షెంగెన్‌లో ఉంది. ఒక్క పగలు దిగినా భారత పాస్‌పోర్ట్ ఉన్న ప్రతి ఒక్కరికీ షెంగెన్ వీసా కావాలి, మీకు బ్రిటన్‌లో నివాస అనుమతి ఉన్నా సరే. ఓడ ఆగేవన్నీ నార్వే రేవులే అయితే నార్వేకే దరఖాస్తు చేయాలి. అత్తయ్యగారికి, మామయ్యగారికి బ్రిటన్ వీసా కూడా వేరుగా ఉండాలి, తిరిగి సౌతాంప్టన్‌లో దిగాలి కాబట్టి. ఇది లేక ఓడ ఎక్కకుండానే వెనక్కి వెళ్లినవాళ్లను నేను ఎరుగుదును. వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి, ఈ వారమే మొదలుపెట్టండి.

ఊరి గురించి ఒక మాట. గైరాంగెర్‌లో ఏడాది పొడవునా ఉండేవాళ్లు 250 మంది దాకా. ఒక పెద్ద ఓడ వచ్చిందంటే ఒక్క పొద్దునే అంతకు పదింతల జనం దిగుతారు. పచ్చగా కనిపించిన ప్రతిదీ పార్కు అనుకోకండి. చలికాలం పశువులకు దాచుకునే గడ్డి అది, తొక్కితే మళ్లీ లేవదు. ఫొటో కోసం కంచె దాటొద్దు. ఈ ఫ్యోర్డ్‌కు 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఓడల పొగ ఈ ఇరుకు లోయలో నీలంగా నిలిచిపోవడం నేను చూశాను. 2026 నుంచి చిన్న ఓడలు పొగ లేకుండానే లోపలికి రావాలన్న నియమం వచ్చింది, పెద్దవాటికి 2032 దాకా గడువిచ్చారు. ఆ రోజు త్వరగా రావాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి.

సాయంత్రం ఓడ బయల్దేరాక గదికి వెళ్లిపోకండి, ఇంకో గంటన్నర ఉంది. ఈసారి ఏడుగురు అక్కచెల్లెళ్లు కుడివైపు వస్తారు. గైరాంగెర్ ఫ్యోర్డ్ దాటి బయటి పెద్ద ఫ్యోర్డ్‌లోకి తిరిగాక ఓకర్నేసె అనే కొండ పక్క వస్తుంది. అక్కడ పగులు ఏటా కొన్ని సెంటీమీటర్లు వెడల్పవుతోంది. ఇరవై నాలుగు గంటలూ పరికరాలతో కనిపెట్టి చూస్తుంటారు, కాబట్టి మీరు టెన్షన్ పడక్కర్లేదు. 1934లో ఇక్కడికి దగ్గర్లోని టాఫ్యోర్డ్‌లో ఇలాగే కొండ విరిగి నీళ్లలో పడితే లేచిన అలకు 40 మంది పోయారు. బాబుకు చూపించి చెప్పండి. వెనక డెక్ మీద గాలి తక్కువగా ఉంటుంది, అత్తయ్యగారికి అక్కడ కుర్చీ వేసి, మోకాళ్ల మీద దుప్పటి కప్పండి.